ఎత్తింది ఎర్రజెండానే

రాళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఆ దుమ్ములోంచి మేస్త్రీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మనిషి పడిపోయిన గుంతలోకి కాదు, గట్టు మీద నిలబడ్డ జెండా అక్క దగ్గరికి. రావడం రావడం ఆమె చేతిలోని ఎర్రజెండా లాక్కున్నాడు. చంకలోంచి పచ్చజెండా తీసి ఆమె వేళ్ళ మధ్య ఇరికించాడు.

"నువ్వు పచ్చ ఊపావు. అర్థమైందా? నువ్వు ఊపావు కాబట్టే పేల్చారు."

ఆమెకి ఆ మాటలు సరిగ్గా వినపడలేదు. చెవులు గింగురుమంటున్నాయి. కళ్ళు మాత్రం గుంతలోంచి పైకొచ్చే బాట మీదే ఉన్నాయి. కాసేపటి క్రితం ఆ బాట మీద బొంగురు బాబాయి ఉన్నాడు. డ్రిల్లింగు దుమ్ము మింగీ మింగీ గొంతు పోయినవాడు. నాలుగడుగులు వేసి ఆగుతూ, మోకాళ్ళ మీద చేతులానించి ఊపిరి పీల్చుకుంటూ, తలెత్తి ఆమె వైపు చూసి 'వస్తున్నానే, ఉండు' అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇప్పుడక్కడ బాబాయి లేడు. బాట కూడా లేదు.

ఆమె చేతిలోని పచ్చజెండా విసిరికొట్టి గుంతలోకి దూకినట్టే దిగింది.

క్వారీలో పేలుడుకి ఒక పద్ధతుంది. రాతిలో తొలిచిన కన్నాల్లో పేలుడు తూటాలు నింపాక సైరన్ మోగుతుంది. గట్టు మీద ఎర్రజెండా లేస్తుంది. గుంతలో ఉన్న ఆఖరి మనిషి పైకొచ్చి గోడ చాటుకి చేరేదాకా ఆ జెండా దిగకూడదు. అది దిగి పచ్చ లేస్తేనే మీట గదిలో ఉన్నవాడు మీట నొక్కాలి. చదువు రానివాళ్ళకి కూడా అర్థం కావాలని పెట్టిన పద్ధతి అది. ఆ రోజు కాంట్రాక్టరు తొందరలో ఉన్నాడు. కొత్త రోడ్డు తెరవడానికి పెద్దలు వస్తున్నారు, కంకర కోసం లారీలు బారులు తీరి ఉన్నాయి. ముసలివాడొకడు ఆగి ఆగి ఎక్కుతుంటే ఆయనకి ఓపిక లేకపోయింది. అంతే జరిగింది. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు.

ఆ క్వారీలో జెండాలకి కొదవలేదు. ఆఫీసు మీద కంపెనీ జెండా. ఎన్నికల్లో ఎవరు గెలిస్తే వాళ్ళ జెండాలు లారీల ముందు. కొండకి అవతలి వైపు కొత్త గుంత తవ్వబోయే చోట కొలతలవాళ్ళు గుచ్చిపోయిన తెల్ల జెండాలు. గేటు పక్కన, ఇనప స్తంభానికి, యూనియన్ జెండా. ఆ చివరిదాన్ని కుట్టింది జెండా అక్కే. యూనియన్ పుట్టిన రోజుల్లో గుడ్డ కొనే దిక్కులేక, కంపెనీ ఇచ్చిన ప్రమాదం జెండాల గుడ్డలోంచే ఓ ముక్క మిగిల్చి కుట్టింది. "వాడి గుడ్డతోనే వాడికి వణుకు పుట్టించావే!" అని బొంగురు బాబాయి పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు తెరిపివ్వలేదు.

ఆ జెండా మొదట ఎగరేసినవాడు ఆమె తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి ఆమే పెంచింది. తను కంకర మోసి వాణ్ణి బడికి పంపింది. వాడు నాలుగు ముక్కలు నేర్చుకుని, మైకు ముందు నిలబడి "కామ్రేడ్స్!" అని మొదటిసారి అన్న రోజు జనంలో ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. వాడి వల్లే గట్టు దగ్గర మంచినీళ్ళ ట్యాంకు వచ్చింది. వాడు రెండుసార్లు లాఠీ దెబ్బలు తిన్నాడు. ఇవన్నీ నిజాలే. ఇప్పుడు కాదంటే అన్యాయమవుతుంది. వాణ్ణి అందరూ సెక్రటరీ అంటారు. ఆమె మాత్రం ఒరేయ్ అంటుంది.

మర్నాడు పొద్దు వాలుతుండగా వాడు అక్క ఇంటికొచ్చాడు. ఒకే ఒక గది, మూల నీళ్ళ డ్రమ్ము, గోడకి కొట్టిన మేకులకి బట్టలు. ఆమె బాబాయిని మోసినప్పటి బట్టల్ని ఎంత ఉతికినా మరక వదలక ఇంకా రుద్దుతూనే ఉంది. వాడు కూర్చోలేదు.

"అక్కా, రేపు విచారణకి ఆఫీసరు వస్తున్నాడు."

"రానీ. చూసింది చూసినట్టు చెప్తా."

"అదే వద్దంటున్నా." వాడు గొంతు తగ్గించాడు. "ఎర్ర ఉండగా పేల్చారని తేలితే క్వారీ మూసేస్తారు. ఇన్ని కుటుంబాలు రోడ్డున పడతాయి. అదే, పొరపాటున పచ్చ లేచిందంటే... ఒక్క మనిషి పొరపాటుతో పోతుంది."

"ఆ ఒక్క మనిషిని నేనా?"

"నిన్నెవరూ ఏం చెయ్యరు. నేను మాట్లాడాను."

"ఎవరితో?"

ఆమె రుద్దడం ఆపి లేచి నిలబడింది. మోచేతుల దాకా సబ్బు నురగ.

"ఒరేయ్, యూనియన్ గది గుమ్మంలో నిలబడి 'ఆగండి, బాబాయి ఇంకా లోపలే ఉన్నాడు' అని అరిచింది నువ్వే కదరా? అంత దూరాన్నించి నాకు వినపడింది. నీ గొంతు నేను పోల్చుకోలేనా?"

వాడు గోడవైపు చూశాడు.

"అరిచింది నేను కాదక్కా."

కాంట్రాక్టరుని తలుచుకుంటే కడుపు మండింది గానీ ఆశ్చర్యం వెయ్యలేదు. ఆయన అలాంటివాడేనని ఎప్పటినుంచో తెలుసు. ఈ మాటకి మాత్రం ఆమె సిద్ధంగా లేదు.

"ఉద్యమమన్నాక ఒక్కోసారి ఒకడుగు వెనక్కి వెయ్యాలక్కా. నీకు అర్థం కాదు."

"వెయ్యరా. వెనక్కే వెయ్యి. నా గుండెల మీద కాలు పెట్టి మాత్రం వెయ్యకు."

వాడు వెళ్ళిపోయాడు. వాకిట్లో చెప్పులేసుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. వెనక్కొస్తాడేమో, 'పోనీలే అక్కా, నిజమే చెబుదాం' అంటాడేమో అనుకుంది. చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి ఆగాడు, అంతే.

విచారణ ఆఫీసు గదిలో జరిగింది. ఫ్యాను కింద ఆఫీసరు, పక్కన కాంట్రాక్టరు. కూలీలంతా వరండాలో, కిటికీ ఊచలు పట్టుకుని. మేస్త్రీ పచ్చ అన్నాడు. అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, మేస్త్రీ నోటికి అంతకంటే స్వేచ్ఛ ఎప్పుడుంది కనక! ఆ తర్వాత సెక్రటరీని పిలిచారు. వరండాలో జనం కదిలారు. ఇప్పుడు తేలుతుందిరా అనుకున్నారు.

వాడు ఆఫీసరు వైపు చూసి చెప్పాడు. "పచ్చజెండా లేవడం నేను చూశాను. చెప్పడానికి బాధగానే ఉంది. ఆవిడ నా సొంత అక్క."

"సొంత తమ్ముడే చెబుతుంటే ఇంకేం కావాలి?" అన్నాడు ఆఫీసరు, లేస్తూ.

జెండా అక్క ఏదో అరిచింది. ఆమె అరుపు కుర్చీలు జరిగిన చప్పుళ్ళలో కలిసిపోయింది. వరండా మెట్లు దిగుతుంటే జనం తప్పుకుని దారి ఇచ్చారు. అది గౌరవంతో ఇచ్చిన దారి కాదని ఆమెకి తెలుసు. ఎర్రది చూసినవాళ్ళు కూడా తల తిప్పుకున్నారు. సెక్రటరీయే పచ్చ అన్నాక మనమెవరం, అన్నట్టున్నాయి వాళ్ళ మొహాలు. ఆమె పని పీకేశారు. జెండాలు మేస్త్రీ బావమరిది చేతికిచ్చారు.

మరుసటి రోజు మంచినీళ్ళ ట్యాంకు దగ్గర జల్లెడ వదిన ఆమె పక్కకి చేరింది. కంకర జల్లెడ పట్టే ఆడవాళ్ళకి ఈమె పెద్ద. నోరున్న మనిషి, అయినా ఆ రోజు చెవిలో చెప్పినట్టే చెప్పింది.

"కొత్త గుంత లేదూ, తెల్ల జెండాలు గుచ్చారే, అక్కడ కూలీల కాంట్రాక్టు మీ తమ్ముడికేనట."

జెండా అక్క బిందె నిండి పొంగిపోతున్నా చూసుకోలేదు.

"నువ్వు చూశావు కదా వదినా, నా చేతిలో ఏముందో?"

వదిన అటూ ఇటూ చూసింది. "నాకు ముగ్గురు పిల్లలే" అంది. అని, అక్క బిందె తనే పక్కకి జరిపి, మూత పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బాబాయి భార్య వచ్చింది. ఊరంతా పిన్ని అనే పిలుస్తారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఒక్కటే అడుగుతా. చెప్పవే. నీ చేతిలో ఏముంది?"

"ఎర్రదే పిన్నీ."

"మరి తోడబుట్టినవాడు అబద్ధమాడతాడా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు పిన్నీ."

పిన్ని ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదనిపించింది అక్కకి.

మరునాడు గేటు దగ్గర సంతాప సభ పెట్టారు. టెంటు వేశారు, మైకు పెట్టారు. యూనియన్ జెండాని స్తంభం సగానికి దించారు. వేదిక మీద బాబాయి ఫోటో, ఫోటో పక్కన సెక్రటరీ, సెక్రటరీ పక్కన కుర్చీలో కాంట్రాక్టరు. యూనియన్ వేదిక మీద ఆయన కూర్చోవడం అదే మొదలు. పిన్నిని కింద, పట్టా మీద కూర్చోబెట్టారు. జెండా అక్క వెనక టెంటు గుంజ పట్టుకుని నిలబడింది. ఆమె చుట్టూ ఖాళీ.

సెక్రటరీ బాగా మాట్లాడాడు. మాట్లాడటం వాడికి చేతకాని పని కాదు. బాబాయి జెండా మోసిన రోజులు చెప్పాడు, దెబ్బలు తిన్న రోజులు చెప్పాడు. కొందరు కళ్ళొత్తుకున్నారు. చివరికి గొంతు వణికించాడు.

"పొరపాటు చేసింది నా రక్తమే అయినా, కామ్రేడ్స్, నేను నిజం పక్కనే నిలబడ్డాను!"

చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. అక్కకి ఆ చప్పట్లు ఒక్కొక్కటీ చెంప మీద పడ్డట్టయింది. కాంట్రాక్టరు కూడా రెండు వేళ్ళతో అరచెయ్యి తట్టాడు.

అప్పుడు పిన్ని లేచింది.

"నాయనా, ఒక్క మాట." మైకు లేదు. అయినా వినపడింది. "మా ఆయన చెప్పేవాడు, పైకెక్కుతుంటే నా చూపు కాళ్ళ మీద ఉండదే, గట్టు మీద జెండా మీదే ఉంటుందని. గుంతలో దిగే ప్రతివాడి చూపూ అక్కడే ఉంటుందిగా. ఆ రోజు ఇంతమంది పైకొచ్చారు. ఏ రంగు చూసుకుంటూ వచ్చారో చెప్పండి."

"పిన్నీ, విచారణ అయిపోయింది..." అన్నాడు సెక్రటరీ.

"నిన్నడగలేదు." ఆమె జనంలోకి తిరిగింది. లారీ డ్రైవరు ముందు నిలబడింది. "నువ్వు చెప్పు బాబూ." వాడు తల దించుకున్నాడు. పక్కనున్న డ్రిల్లింగు కుర్రాణ్ణి అడిగింది. "ఆయన దగ్గరే పని నేర్చుకున్నావు. నువ్వు చెప్పు." వాడు పక్కకి తిరిగాడు. ఆమె అలా ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి, వరస పెట్టి పిలిచి అడుగుతోంది. కోడలా అంది, అల్లుడా అంది, తమ్ముడూ అంది. పిలిచినకొద్దీ తలలు వాలుతున్నాయి. సెక్రటరీ మైకుని చేత్తో మూసి కాంట్రాక్టరుతో ఏదో అన్నాడు. కాంట్రాక్టరు లేచి చొక్కా సవరించుకున్నాడు.

పిన్ని జల్లెడ వదిన ముందు ఆగింది. అడగలేదు. ఊరికే చూసింది.

"ఎర్రది" అంది వదిన.

"ఏంటి వదినా?" అన్నాడు సెక్రటరీ మైకులో.

"ఎర్రదన్నాను. నీకు వినపడింది. ఆ రోజు కనపడ్డట్టే వినపడింది." వదిన లేచి నిలబడింది. "నాకు ముగ్గురు పిల్లలు. రేపు వాళ్ళూ ఈ గుంతలోకే దిగాలి. ఎర్రదాన్ని పచ్చ అంటే వాళ్ళేం చూసుకుని పైకి రావాలి?"

"ఎర్రదే" అన్నాడు డ్రిల్లింగు కుర్రాడు.

"ఎర్రదే! నేను చూశా!" లారీ డ్రైవరు.

ఇక ఆగలేదు. ముందు వరసలోంచి, వెనకనుంచి, టెంటు బయటినుంచి అదే మాట. అరుపులుగా వచ్చింది, ఏడుపుగా వచ్చింది. ఒకామె రెండు చేతులతో మొహం కప్పుకుని ఎర్రదే ఎర్రదే అంటూ కూలబడింది. ఆ గోలలోంచి తూటాల మామ ముందుకొచ్చాడు. క్వారీలో మీట నొక్కే పని ఆయనదే. మనిషి అసలే మితభాషి, ఈ నాలుగు రోజులూ ఒక్క మాట ఆడలేదు.

"మీట నేను నొక్కలేదు" అన్నాడు. జనం సద్దుమణిగారు. "ఎర్ర ఉందయ్యా, మనిషున్నాడయ్యా అన్నాను. నన్ను పక్కకి తోసి ఆయనే నొక్కాడు." చెయ్యి చాపి వేదిక మీద కాంట్రాక్టరుని చూపించాడు.

"తాగి వాగుతున్నాడు!" కాంట్రాక్టరు ఒంటికాలి మీద లేచాడు. "సెక్రటరీ! ఏంటిది? నీ మనుషుల్ని అదుపులో పెట్టుకోలేవా?"

నీ మనుషులు! ఆ మాట అందరికీ వినపడింది.

"కామ్రేడ్స్, కూర్చోండి! జెండా కింద ఉన్నాం. జెండాకి క్రమశిక్షణ ఉంది!"

"ఏ జెండారా నీది?" వెనకనుంచి ఎవడో అరిచాడు. "పచ్చ ఊపింది అక్క కాదురా, నువ్వు! కంపెనీవాడికి పచ్చజెండా ఊపి, మమ్మల్ని ఎర్రదాని కింద కూర్చోమంటావా?"

"కొత్త గుంత దగ్గర పాతుకో నీ జెండా!"

జెండా అక్క గుంజ వదిలి నడిచింది. ఈసారి కూడా జనం దారి ఇచ్చారు. ఒకామె ఆమె భుజం తాకింది. ఎవరో "క్షమించు అక్కా" అన్నారు. ఆమె ఆగలేదు. స్తంభం దగ్గరికెళ్ళి తాడు విప్పడం మొదలుపెట్టింది. తమ్ముడు వేదిక దిగి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కా, అది యూనియన్ జెండా. ముట్టుకోకు."

"యూనియన్ ఎక్కడుందో వెనక్కి తిరిగి చూడరా."

వాడు తిరిగి చూశాడు. వేదిక మీద కాంట్రాక్టరు, మేస్త్రీ మిగిలారు. మిగతా అందరూ అక్క వెనక ఉన్నారు. వాడి చెయ్యి వదులైంది.

ఆ రోజు కూడా గుంతలో తూటాలు నింపి ఉన్నాయి. సభ అవగానే పేల్చాలని ఏర్పాటు. జనం గట్టు ఎక్కారు. జెండా అక్క ఆ యూనియన్ జెండాని ఓ కర్రకి కట్టి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి ఎత్తింది. ఆమె పక్కన వదిన తలకి చుట్టుకున్న ఎర్రగుడ్డ విప్పి ఎత్తింది. డ్రైవర్లు లారీల వెనక కట్టే ఎర్రగుడ్డలు పీక్కొచ్చారు. ఒకామె పిల్ల గౌను తెచ్చింది. ఏమీ దొరకని ఒకాయన ఆఫీసు ముందు వేలాడే నిప్పార్పే ఎర్ర బకెట్టు ఎత్తుకొచ్చి నెత్తిన పెట్టుకుంటే, అంత కోపంలోనూ జనం నవ్వారు. "నీ బుర్రకి అదే సరిపోయిందిరా!" అన్నారెవరో.

పోలీసు వ్యాను వచ్చింది. ఇనస్పెక్టరు దిగి కాంట్రాక్టరుతో మాట్లాడి, తూటాల మామని పిలిచాడు.

"పద, మీట నొక్కు. వాళ్ళు కిందలేరుగా, గట్టు మీదున్నారు."

"ఎర్రజెండా దిగలేదు సార్."

"నేను చెబుతున్నాను!"

"మొన్న కూడా ఒక పెద్దమనిషే చెప్పాడు సార్."

మామ చెంప ఛెళ్ళుమంది. ఆయన కళ్ళజోడు రాళ్ళలో పడింది. వంగి తీసుకుని, అద్దం చొక్కాతో తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. మేస్త్రీ బావమరిదికి మీట గది తాళంచెవి ఇచ్చి నొక్కమన్నారు. వాడు మీట గది గుమ్మం దాకా వెళ్ళి, గట్టంతా ఎర్రగా ఉన్న జనాన్ని చూసి, తాళంచెవి గడప మీద పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

లాఠీలు లేచాయి. మామని, వదినని, డ్రిల్లింగు కుర్రాణ్ణి ఈడ్చుకెళ్ళి వ్యానెక్కించారు. జెండా అక్కని ఇద్దరు పట్టుకున్నారు. ఆమె జెండా వాళ్ళకి అందకుండా వెనక్కి విసిరింది. ఎవరు అందుకున్నారో చూసే వీల్లేకుండా ఆమెని లాక్కుపోయారు.

వ్యాను కదలబోతుంటే తమ్ముడు పరిగెత్తుకొచ్చి కిటికీ జాలీ పట్టుకున్నాడు. చెమటతో, దుమ్ముతో మొహమంతా మట్టి కొట్టుకుపోయింది.

"అక్కా, ఒక్క మాట చెప్పు చాలు. పొరపాటైందని. ఇప్పుడే దింపేస్తారు."

ఆమె వాడి మొహంలోకి చూసింది. జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని తడిగుడ్డ వేసిన మొహం అది. జాలీ మీదున్న వాడి వేళ్ళని తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరు పంపితే వచ్చావురా?"

వాడు జాలీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"తమ్ముడుగా వచ్చావా, యూనియన్ తరఫునొచ్చావా, వాడి తరఫునొచ్చావా? అది చెప్పు. తర్వాత నేను చెప్తా."

వ్యాను కదిలింది. వాడి వేళ్ళు జాలీనుంచి ఒక్కొక్కటే జారిపోయాయి.

వ్యాను మలుపు తిరుగుతుంటే జెండా అక్కకి గట్టు కనపడింది. ఆమె నిలబడే చోట పిన్ని నిలబడి ఉంది. పోలీసులు కొందర్ని లాగుతుంటే ఖాళీ అయిన చోటుకి మరికొందరు ఎక్కుతున్నారు. అవతలి క్వారీ కూలీలు పనిముట్లు భుజాన వేసుకుని రోడ్డు దాటి వస్తున్నారు. పిన్ని జన్మలో ఎప్పుడూ జెండా పట్టినది కాదు. కర్రని రోకలి పట్టుకున్నట్టు రెండు చేతులా గుండెకి హత్తుకుంది. గుడ్డ ఆమె మొహం మీద పడి, గుంతలోంచి చూస్తే కనపడనంత కిందికి వాలిపోయింది.

జెండా అక్క జాలీకి మొహం ఆనించి గొంతు చించుకుంది.

"పైకెత్తు పిన్నీ! ఇంకా పైకి!"

పిన్ని ఎత్తింది.